మనసు దేవునికిచ్చిండు, తల మాత్రం దొరలకు వంచలే

1909ల మద్రాసు దిక్కు నుంచి ఒక అరవాయన భార్యాపిల్లలను తీస్కోని డోర్నకల్‌కు వచ్చిండు. వయసు 35కు దగ్గర పడ్డది. అప్పటికే దేశమంత తిరిగిన మనిషి, జపాన్ దాకా పోయొచ్చిన మనిషి. ఇంగ్లీషుల గంటసేపు మాట్లాడినా తడబడనోడు. అసొంటాయన నిజాం రాజ్యంల, మానుకోట తాలూకల, తనకు ఒక్క ముక్క రాని తెలుగుల అ ఆలు దిద్దుకుంట కూసున్నడు. ఆయనను ఎవ్వలూ పంపలే. ట్రాన్స్‌ఫర్ గాదు, పనిష్మెంట్ గాదు. తనంత తానే అడిగి వచ్చిండు.

ఆయన పేరు వేదనాయగం శామ్యూల్ అజరయ్య. మన దిక్కు క్రైస్తవులు బిషప్ అజరయ్య అంటరు. డోర్నకల్ జంక్షన్ల రైలు మారినోళ్లు మస్తుమంది ఉంటరు. ఆ ఊర్ల ఉన్న పెద్ద గుడి ఎవరు కట్టిచ్చిండ్రు, ఎందుకట్ల మసీదు లెక్క, గుడి లెక్క, చర్చి లెక్క మూడు తీర్ల కలిసి కనవడ్తదని అడిగెటోళ్లు మాత్రం తక్కువ.

ఇయ్యాల ఈయన సంగతి ఎందుకంటే, ఫోన్ తెరిస్తె సాలు దేవుని మాటలు మస్తు వస్తున్నయి. ప్రార్థన చేస్తె నౌకరొస్తది, వీసా వస్తది, ఇల్లు కడ్తవు, కారు కొంటవు అని చెప్పెటోళ్లకు లక్షల వ్యూస్. చర్చికి పోయెటోళ్ల సంగతే గాదు, ఏ దేవుని దగ్గరికి పోయినా ఇదే బేరం నడుస్తున్నది. మన కోరికల చిట్టీ రాసి దేవుని చేతుల పెట్టి, ఎప్పుడు సంతకం పెడ్తడా అని సూసుకుంట కూసునుడు. క్రైస్తవంల ఇంకొక పాత తొవ్వ ఉన్నది. కోరికల చిట్టీని దేవునికిచ్చుడు గాదు, కోరికనే ఇచ్చేసుడు. నాకు ఇది కావాలె అన్న మాటను పక్కకు పెట్టి, నీకేం కావాలె అని అడుగుడు. యేసు చనిపోయే ముందు రాత్రి గెత్సేమనే తోటల చేసిన ప్రార్థన ఆ తీరుదే. వినెతందుకు మంచిగనే ఉంటది. చేసి సూస్తెనే దాని బరువు తెలుస్తది. అజరయ్య బతుకంత ఆ బరువే.

ఆయన పుట్టింది 1874 ఆగస్టు 17న, తమిళ దేశంల తిరునెల్వేలి దిక్కు వెల్లాలన్‌విలై అనే చిన్న ఊర్ల. తండ్రి థామస్ వేదనాయగం ఆ ఊరి గుడిల పాస్టరు. వాళ్లది నాడార్ కులం. ఆ కులంల చానామంది తాటిచెట్లెక్కి బతికెటోళ్లు. మన దిక్కు గౌండ్లోళ్ల లెక్క అనుకోండ్రి, కాకపోతె ఆ కాలంల ఆ దేశంల వాళ్లను ఇంకా కిందికి సూసిండ్రు. గుళ్లకు రానియ్యలే, కొన్ని తావుల్ల వాళ్ల ఆడోళ్లు రైక తొడుక్కుంటె సుత కొట్లాటలైనయి. అజరయ్య ఇంట్ల వ్యాపారం చేసినోళ్లున్నరు, సదువున్నది. కని కులం ఎనకంగనే వస్తది గద.

తల్లి పేరు ఎల్లెన్. ఆమె కొడుకు కోసం మస్తు ఏండ్లు ఎదురు సూసింది. బైబిల్ల హన్నా అనే తల్లి కథ ఉన్నది. పిల్లలు లేక ఏడ్చి, కొడుకు పుడితె నీకే ఇస్తనని దేవునికి మాటిచ్చి, పుట్టినంక ఆ మాట నిలవెట్టుకున్న తల్లి. ఆ కొడుకు పేరు శామ్యూలు. ఎల్లెన్ సుత తన కొడుక్కు అదే పేరు పెట్టింది. అంటె ఈ పిలగాడు పుట్టకముందే ఒకరు ఆయనను దేవునికి రాసిచ్చేసిండ్రన్నట్టు. తల్లి ఇచ్చుడు వేరు, తనంత తాను ఇచ్చుకునుడు వేరు. దానికి ఆయనకు 35 ఏండ్లు పట్టింది.

15 ఏండ్ల వయసుల తండ్రి పోయిండు. తల్లే పెంచింది, హాస్టల్ల ఉంచి సదివిచ్చింది. తర్వాత మద్రాస్ క్రిస్టియన్ కాలేజీకి పోయిండు. లెక్కల పోరగాడు. బీఏ ఆఖరి పరీక్ష వచ్చే యాళ్లకు జ్వరమొచ్చి మంచాన పడ్డడు, లెక్కల పరీక్ష రాయలేకపోయిండు. మళ్ల రాయనే లేదు. డిగ్రీ చేతికి రాలే. ఆ కాలంల బీఏ అని పేరెనక రాసుకుంటె ఎంత విలువనో, అది లేకుంట ఎంత చిన్నసూపో సోంచాయించుండ్రి. 1920ల కేంబ్రిడ్జ్ యూనివర్సిటీ పిలిచి గౌరవ డాక్టరేట్ ఇచ్చింది, అది వేరే ముచ్చట. 20 ఏండ్లప్పుడు మాత్రం ఆయన ఒక పరీక్ష రాయని పిలగాడే.

1895ల వైఎంసీఏల కార్యదర్శిగ చేరిండు. యువకుల నడుమ పని, ఊరూరు తిరుగుడు, మీటింగులు పెట్టుడు. అక్కడ్నే షెర్వుడ్ ఎడ్డీ అనే అమెరికా ఆయనతోని దోస్తానా అయింది. ఇద్దరిదీ దగ్గర దగ్గర ఒకటే వయసు. ఒకే తాన తిరిగిండ్రు, ఒకే తాన మోకాళ్లేసిండ్రు. ఒక తెల్లాయన ఒక నల్లాయనతోని సమానంగ ఉండొచ్చని అజరయ్యకు ఎరుకైంది ఆ దోస్తానాల్నే. ఈ సంగతి యాదికి పెట్టుకోండ్రి, ముంగట పనికొస్తది.

1898ల అన్బు మరియమ్మాళ్‌ను పెండ్లి చేసుకున్నడు. దక్షిణ దేశంల కాలేజీ గడప తొక్కిన మొదటి క్రైస్తవ ఆడపిల్లలల్ల ఆమె ఒకామె. చరిత్రల ఇసొంటోళ్ల పేర్లు ఒక్క లైన్ల ముగిసిపోతయి. కని సోంచాయించుండ్రి: అంత సదువుకున్నామె, ఆ కాలంల, పిల్లలను సంకనెత్తుకోని అడివి పక్కన, భాష రాని ఊర్ల కాపురం పెట్టింది. ఆయన తన ఇష్టాన్ని ఇచ్చిండంటె, ఆమె రెండు ఇచ్చింది. తనదీ ఇచ్చింది, ఆయన తొవ్వల నడిచెతందుకు ఇంకోటీ ఇచ్చింది. డోర్నకల్ల ఆడోళ్ల నడుమ, ఆడపిల్లల సదువు కాడ ఆమె చేసిన పని లేకుంటె అజరయ్య పని సగమే అయ్యేది.

1902ల ఆయన యాళ్పాణం పోయిండు, అంటె శ్రీలంకల జాఫ్నాకు. అక్కడి తమిళ క్రైస్తవులు తమ పైసలతోని, తమ మనుషులతోని వేరే జాగలకు సువార్త పనికి పంపుతున్నరు. అది సూసి ఆయనకు తల కొట్టేసినట్టైంది. తిరునెల్వేలిల క్రైస్తవులు వాళ్ల కంటె ఎక్కువమంది, గుళ్లున్నయి, బడులున్నయి. కని అన్నీ తెల్లోళ్లు ఇస్తెనే తీసుకునుడు, తామెవ్వలకూ ఇచ్చుడు లేదు. ఇంటికొచ్చి మనుషులను కూడగట్టిండు. 1903 ఫిబ్రవరిల పాలయంకోటల ఇండియన్ మిషనరీ సొసైటీ పుట్టింది. దాని పద్ధతి మూడు ముక్కలు: పైసలు మనయి, మనుషులు మనోళ్లు, నడిపేది మనమే. తెల్లదొరల పైస ఒక్కటి ముట్టొద్దు. రెండేండ్లకు, 1905 క్రిస్మస్ నాడు, బెంగాల్ల సెరాంపూర్ల దేశమంతటికి నేషనల్ మిషనరీ సొసైటీ పెట్టిండ్రు. దాంట్ల సుత అజరయ్య ముందటున్నడు.

తిరునెల్వేలి సంఘం ఎంచుకున్న జాగ మన డోర్నకల్. ఏ మిషనూ చేరని జాగ ఎక్కడున్నదని ఎతికితె ఇది తేలింది. రైలు జంక్షన్ ఉన్నది, ఇల్లందు బొగ్గు గనులకు పోయే లైను ఇక్కడ్నే చీలుతది. కని రైలు పట్టాలు దాటి నాలుగు మైళ్లు పోతె వేరే లోకం. వెట్టి, అప్పు, దొరల గడీలు, ఎండకాలం వాంతులు బేదులు. ఊరవతల మాల పల్లె, ఇంకా అవతల మాదిగ పల్లె. బడి అన్న మాటే లేదు.

ఇగ అసలు ముచ్చట కాడికొచ్చినం. అజరయ్య ఆ సొసైటీకి కార్యదర్శి. ఊరూరు తిరిగి, డోర్నకల్‌కు ఎవలన్న పోండ్రి, ఇల్లు ఇడిసి రాండ్రి అని యువకులను బతిమాలుడే ఆయన పని. మాట వినెటోళ్లు మస్తుమంది, కండ్ల నీళ్లు పెట్టుకునెటోళ్లు మస్తుమంది, పోయెటోళ్లే తక్కువ. ఒక్కో పిలగానికి ఒక్కో కారణం. అమ్మకు బాగలేదు, తెలుగు రాదు, జీతం సాలదు. అట్ల పిలుసుకుంట పిలుసుకుంట ఆయనకే ఒక దినం తట్టింది. నేను పోని తావుకు వేరేటోళ్లను ఎట్ల పొమ్మంటున్న?

తట్టుడు అల్కగనే తట్టింది, ఒప్పుకునుడే కష్టం. ఆయన చేసేది చెడ్డ పని ఏం గాదు. అదీ దేవుని పనే. దేశమంత తిరుగుతున్నడు, వేలమంది యువకులు వింటున్నరు, ఆయన లేకుంటె ఆ పని ఆగుతదని చెప్పెటోళ్లున్నరు. మనం ఇష్టపడే పనికి దేవుని పేరు పెట్టుకునుడు మనందరికి అలవాటే. ఇది నాకు నచ్చింది, కాబట్టి ఇది దేవుని చిత్తమే అని. అజరయ్య ఆ ముడినే ఇప్పిండు. తనకు నచ్చిన మంచి పనిని సుత దేవుని ముందట పెట్టి, ఇది కూడా నీదే, తీసుకుంటె తీసుకో అన్నడు. చెడును ఇడుసుడు ఒక తీరు. మంచిని ఇడుసుడు ఇంకో తీరు, అది మస్తు కష్టం.

ఆ ఏడు జూన్ల డీకనుగ, డిసెంబర్ల గురువుగ అభిషేకం తీసుకోని డోర్నకల్ల దిగిండు.

తెలుగు ఆయనకు మెల్లమెల్లగ వచ్చింది. తమిళపు నోటికి మన మాట తిరుగుడు ఏమంత అల్క కాదు. ఊర్లకు పోవుడంటె ఎడ్లబండి, లేకుంటె నడక. పోయింది ఎవల ఇండ్లకంటె, ఊరోళ్లు ముట్టుకోని మనుషుల గుడిసెలకు. వాకిట్ల కూసునేది, వాళ్లు పెట్టింది తినేది. నాడార్ ఇంట్ల పుట్టిన మనిషికి తక్కువ సూపు అంటె ఏందో పుస్తకంల సదివి తెలుసుకునే అవసరం పడలే.

ఏడాది తిరగకముందే పెద్ద పిలుపొచ్చింది. 1910 జూన్ల స్కాట్లండ్ల ఎడిన్‌బరోల ప్రపంచ మిషనరీల మహాసభ. 1,200 మంది దాకా వచ్చిండ్రు. ఆసియా ఖండమంత కలిసి 20 మంది సుత లేరు. ఎవల దేశాలకు సువార్త చెప్పాలె అని సభ పెట్టిండ్రో, ఆ దేశాల మనుషులే అక్కడ లేరు. అజరయ్యకు మాట్లాడెతందుకు ఒక అంశం ఇచ్చిండ్రు. పరదేశపు పనోళ్లు, దేశపు పనోళ్లు ఒకరితోని ఒకరు ఎట్ల ఉండాలె అనేది.

అందరు ఏమనుకున్నరు? మర్యాదగ కృతజ్ఞతలు చెప్తడు, మీ దయ వల్లనే మాకు వెలుగొచ్చిందంటడు, చప్పట్లు కొట్టుడే అనుకున్నరు. ఆయన లేసి ఉన్నదున్నట్టు చెప్పిండు. తెల్ల మిషనరీలు మా దేశానికి పైసలు తెచ్చిండ్రు, కష్టపడ్డరు, ప్రాణాలు సుత ఇచ్చిండ్రు, అది మేం మరువం. కని మా తోని దోస్తానా మాత్రం చెయ్యలేదు. ఏండ్ల తరబడి కలిసి పనిచేస్తరు, ఇంటికి పిల్చి ఒక పూట అన్నం పెట్టరు. జీతమిచ్చే దొర, జీతం తీసుకునే నౌకరు, ఇదే మా నడుమ సంబంధం. మీ త్యాగం సాలదు, మీ ప్రేమ కావాలె, మమ్ముల దోస్తులను సూసినట్టు సూడుండ్రి అని ముగిచ్చిండు. ఆయన మాటల సారం ఇది.

సభల చానామందికి మండింది. కొంతమంది లోపట్లోపట సిగ్గుపడ్డరు. ఇండియాల పనిచేసి వచ్చినోళ్లల్ల కొందరైతె గిట్ల మాట్లాడతడా అని గుస్సా అయిండ్రు. ఆ సభల ఇంకెన్ని ఉపన్యాసాలైనయో ఇయ్యాల ఎవలకూ యాదికి లేవు. ఇది మాత్రం వందేండ్లు దాటినా చెప్పుకుంటున్నరు.

ఇక్కడ జర ఆగాలె. తన ఇష్టాన్ని దేవునికి అప్పజెప్పిన మనిషి అంటె మనకు ఎట్ల కనవడ్తడు? తల వంచుకోని, ఎవలేమన్నా సరే అనుకుంట, మూలకు కూసునెటోడు. మనల్ని అణగదొక్కెటోళ్లకు సుత ఆ బొమ్మనే ఇష్టం. భరించు, దేవుడు సూస్కుంటడు అంటరు. వెట్టి చేసెటోనికి చెప్పిండ్రు, మొగుని చేతుల దెబ్బలు తినే ఆడోళ్లకు చెప్పిండ్రు, ఇయ్యాల జీతం ఎగ్గొట్టిన పిలగానికి సుత చెప్తున్నరు. అజరయ్య బతుకు ఆ బొమ్మను పలగ్గొడ్తది. తన కోసం ఏం అడుక్కునుడు లేదు కాబట్టే ఆయనకు భయం లేదు. సభల ఉన్న దొరల దగ్గర ఆయనకు కావల్సిన నౌకరి లేదు, పైసలు లేవు, సర్టిఫికెట్ లేదు. పోతె ఏం పోతది? అన్నీ ముందే ఇచ్చేసి వచ్చిండు. దేవునికి పూర్తిగ వంగినోడు మనుషుల ముందట వంగాల్సిన అవసరం తక్కువ పడ్తది. నాకైతె ఆయన బతుకుల అన్నిటికంటె గట్టి సంగతి ఇదే అనిపిస్తది.

ఆ మాట విన్నోళ్లకు తొందరగనే ఇంకో పరీక్ష వచ్చింది. మద్రాసు బిషప్ హెన్రీ వైట్‌హెడ్ ఈయనను బిషప్ చెయ్యాలె అన్నడు. ఇంగ్లీషు సంఘం ఇండియాకు వచ్చి వంద ఏండ్లు దాటినా ఒక్క దేశపు మనిషి బిషప్ కాలే. గొడవ లేసింది. ఒక ఇండియన్ కింద తెల్లోళ్లు ఎట్ల పనిచేస్తరు, వాళ్ల భార్యలు ఆయన చేత ప్రభువు రొట్టె ఎట్ల తీసుకుంటరు అన్నంత దాక పోయింది. మనోళ్లల్ల సుత కొంతమంది కులం లెక్కలు తీసిండ్రు. నాడారోడు బిషపా అని. తెల్లోళ్ల అడ్డం ఒక దిక్కు, సొంతోళ్ల అడ్డం ఒక దిక్కు. అయినా 1912 డిసెంబర్ 29న కలకత్తాల సెయింట్ పాల్స్ కెథెడ్రల్ల ఆయనకు బిషప్ అభిషేకం అయింది. ఆంగ్లికన్ సంఘంల మొదటి ఇండియన్ బిషప్. వయసు 38.

మొదలు ఆయన చేతికిచ్చింది చిన్న తునక. కొన్నేండ్లకు కృష్ణా జిల్లా దిక్కు, మచిలీపట్నం, బెజవాడ, ఇటు ఖమ్మం, దుమ్ముగూడెం, తర్వాత నంద్యాల దిక్కు సుత దాంట్ల కలిసినయి. అప్పుడు తెల్ల మిషనరీలు ఈయన కిందనే పనిచేసిండ్రు. ఎవలకూ పానం పోలే.

ఊర్లల్ల పని ఎట్ల చేసిండంటె, నాలుగు దయ్యాలను ఎల్లగొట్టాలె అనెటోడు: మురికి, రోగం, అప్పు, తాగుడు. ఇది పట్నపు మనిషి పల్లెటోళ్లకు చెప్పే నీతి లెక్క వినవడొచ్చు. కని అప్పు పేరు దాంట్ల ఉన్నదంటె ఆయనకు ఊరు ఎరుకైనట్టే. అప్పున్నోడు స్వేచ్ఛగ మోకాళ్లెయ్యడు, షావుకారు పిలిస్తె ఉరుకుతడు. తాగుడు సంగతికొస్తె, తాటిచెట్లెక్కిన కులంల పుట్టినాయన ఆ మాట అన్నడు, బయటోడు గాదు. ఊర్ల బడి పంతుల్లను తయారు చేసిండు. 1930ల నడుమకొచ్చేటాళ్లకు ఆయన కింద 2,000 పైన ఊరి పంతుళ్లున్నరు. దవఖానాలు, సహకార సంఘాలు, ప్రింటింగ్ ప్రెస్ ఉన్నయి. ఆ పంతుల్లల్ల ఎక్కువమంది మాల మాదిగ ఇండ్ల పిలగాండ్లే. తరతరాలు అక్షరం ముట్టనియ్యని ఇండ్లల్లకెళ్లి పలక పట్టించే పంతుళ్లు ఎల్లిండ్రు.

బాప్తిస్మం తీసుకున్న ప్రతి ఒక్కల చెయ్యి వాళ్ల తల మీద వాళ్లే పెట్టుకోని, నేను ఈ సంగతి ఇంకొకలకు చెప్పకుంట ఊకోను అని ప్రమాణం చేయించెటోడు. అంటె నమ్ముకునుడు అంటె తీసుకునుడు గాదు, ఇచ్చుడు. పేదోళ్లు గద, వీళ్లేమిస్తరు అని ఆయన అనుకోలే. కోతలప్పుడు వడ్లు తెచ్చిండ్రు, కోళ్లు తెచ్చిండ్రు, గుడ్లు తెచ్చిండ్రు. ఇచ్చుడు గురించి ఆయన ఒక పుస్తకమే రాసిండు, మస్తు భాషల్లకు పోయింది. ఈ కాలంల పాస్టర్లు కానుక అడిగే తీరుకూ దానికీ తేడా ఉన్నది. అక్కడ ఇచ్చిన వడ్లు ఆ ఊరి పంతులు కడుపుకే పోయేది, ఊరోళ్ల కండ్ల ముందటనే.

మాల మాదిగల నడుమ పంచాయితి ఆయన తల తిన్నది. ఒకే దేవుని నమ్ముకున్నరు, కని ఒకే గిన్నెల నుంచి తీసుకునుడంటె వెనకకు జరిగెటోళ్లు. అజరయ్య దీంట్ల మెత్తగ లేడు. ప్రభువు బల్ల కాడ కులం ఉండదు, ఉంటె అది బల్లనే కాదన్నడు. అన్ని ఊర్లల్ల గెలిచిండని చెప్పలేం. మన ఊర్లల్ల ఇయ్యాల కూడ రెండు చర్చిలు ఎందుకున్నయో ఎరుకే గద. 1930లల్ల మాల మాదిగలే గాకుంట వేరే కులాలోళ్లు సుత వేలల్ల వచ్చిండ్రు. తమ పొలాలల్ల పనిచేసే మనుషులు మారుడు సూసి వచ్చిండ్రని ఆయన చెప్పెటోడు. 1941 వరకు ఆయన మేత్రాసనంల క్రైస్తవులు 2 లక్షలు దాటిండ్రు.

గాంధీకి ఈ మతం మారుడు నచ్చలే. హరిజనులకు మతం సంగతి సోంచాయించే తెలివి ఎక్కడిది, ఆశకు మారుతున్నరన్న తీరుల రాసిండు. అజరయ్య ఒప్పుకోలే. పేదోడైతె ఆత్మ లేదా, తన దేవుని తాను ఎంచుకునే హక్కు లేదా అని నిలవడ్డడు. అట్లని క్రైస్తవులకు వేరే ఎన్నికల కోటా కావాలె అన్నోళ్లతోని సుత కలవలే. సంఘం రాజకీయ జాతి లెక్క అయితె దాని పని పోతదన్నడు. ఇటు కాంగ్రెసోళ్లకు దూరం, అటు సొంత మతపు నాయకులకు దూరం. స్వాతంత్ర్య పోరాటంల ముంగటికి రాలేదని ఆయనను తప్పుపట్టినోళ్లున్నరు, ఆ మాటను కొట్టేసుడు అల్క గాదు. సంఘం లోపట సుత ఆయనది పెద్దమనిషి తీరు, తన మాటే నడవాలె అనెటోడు. ఇష్టాన్ని అప్పజెప్పిండంటె పట్టుదల పోయిందని గాదు. మనిషి మనిషే.

డోర్నకల్ గుడి సంగతి చెప్పాలె. 1914ల మొదలు పెట్టిండ్రు. ప్రపంచ యుద్ధమొచ్చింది, పైసలు రాలే, పని ఆగింది. మళ్ల మొదలైంది, మళ్ల ఆగింది. గుమ్మటాలు, మినార్లు మసీదు తీరు, రాతి స్తంభాలు గుడి మండపం తీరు, తామర పువ్వుల చెక్కుడు, పైన సిలువ. ఇంగ్లండ్ బొమ్మ తెచ్చి ఇక్కడ అతికించొద్దు, ఈ మట్టిల మొలిచినట్టుండాలె అన్నడు. 25 ఏండ్లు పట్టింది. 1939 జనవరి 6న ప్రతిష్ఠ అయింది. 40 ఏండ్లకు మొదలు పెట్టినాయన 64 ఏండ్లకు లోపల అడుగు పెట్టిండు. వారంల జవాబు రాకపోతె దేవుని మీద అలిగెటోళ్లం మనం.

ఒక కోరిక మాత్రం ఆయన కండ్ల ముందట తీరలే. ఇంగ్లీషు సంఘం, మెథడిస్టు, ప్రెస్బిటేరియన్, కాంగ్రిగేషనల్ అని తెల్లోళ్లు వాళ్ల దేశంల కొట్లాడుకోని తెచ్చిన గోడలు మన ఊర్లల్ల ఎందుకు, అన్నీ ఒక్కటి కావాలె అని 1919ల తరంగంబాడిల కూసున్నరు. అజరయ్య దాంట్ల ముఖ్యుడు. అప్పటి నుంచి మీటింగులు, కాయితాలు, వాదులాటలు. ఒక అడుగు ముంగటికి, రెండు అడుగులు ఎనకకు. దీని కోసం ఆయన 25 ఏండ్లు పనిచేసిండు. ఇదేమన్న సొంతానికి అడిగిందా? గాదు. దేవుని పనే గద, మరి దేవుడు ఎందుకు తొందరగ చెయ్యలే? దీనికి జవాబు ఎవల దగ్గర లేదు. ఆయన మాత్రం అలిగి పని ఇడవలే. అయితదో కాదో తన చేతుల లేదని ఎరుకై కూడ, పొద్దున లేసి మళ్ల ఉత్తరాలు రాసిండు, మళ్ల మీటింగుకు పోయిండు. కోరికను దేవునికి అప్పజెప్పుడు అంటె కోరిక చచ్చిపోవుడు గాదన్నట్టు. పిడికిలి మాత్రం ఇప్పుతరు, పని మాత్రం ఇడవరు.

1944 ఆఖరుకు 70 దాటిన వయసుల సుత ఊర్లు తిరిగిండు. తిరిగొచ్చినంక జ్వరం పట్టింది. 1945 జనవరి 1న డోర్నకల్ల కన్ను మూసిండు. దక్షిణ ఇండియా సంఘం, మన సీఎస్ఐ, 1947 సెప్టెంబర్ 27న మద్రాసుల పుట్టింది. డోర్నకల్ దాంట్ల ఒక మేత్రాసనం అయింది.

ఆయనను తిరునెల్వేలికి తీసుకపోలే. సమాధి డోర్నకల్ల, ఆ గుడి పక్కనే ఉన్నది.